రోగి గుట్టు ఎవరి చేతిలో?

కర్నూలు సర్వజన ఆసుపత్రికి వెళ్లినా, కడప రిమ్స్‌కు వెళ్లినా, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రికి వెళ్లినా మనం పేరు, ఊరు, జబ్బు దాచకుండా చెబుతాం. ఇలా చెప్పే వివరాలు కంప్యూటర్లలోకి చేరుతున్న కాలమిది. వాటిని కాపాడేందుకు పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తగిన భద్రత పాటించని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆసుపత్రి మన గుట్టు కాపాడిందో లేదో తేలాలంటే విచారణ జరిపేవారు రికార్డులు చూడాలి. పత్రాలు తెప్పించుకొని పరిశీలించే అధికారం డేటా రక్షణ బోర్డుకు ఉంది. 36వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం కూడా సమాచారం కోరవచ్చు. అంటే గుట్టు కాపాడే పనిలోనే ఆ గుట్టు మరొకరి కంటపడే అవకాశం ఉంది.

రోగుల రహస్యమని చెప్పి ఆసుపత్రి విచారణకు తలుపులు మూయడం న్యాయం కాదు. రోగి గోప్యత యాజమాన్యం తప్పుకు ముసుగు కాకూడదు. అలాగని అడిగిందే తడవుగా రిజిస్టరంతా అప్పగించడమూ తగదు. ఏ ఉద్యోగి కంప్యూటరు తెరిచాడు, ఎప్పుడు తెరిచాడు, పాస్‌వర్డు ఎంతమందికి తెలుసు అన్నవి తేల్చడానికి చాలాసార్లు రోగి పేరే అక్కరలేదు. కోరేది రాతపూర్వకంగా కోరాలి. పేర్లు చెరిపి చాలినంతే ఇవ్వాలి. ఏమి ఇచ్చారో ఆసుపత్రి రాసి పెట్టుకోవాలి.

అమెరికాలో హిపా నిబంధనల ప్రకారం ఇలాంటి విచారణకు ఆసుపత్రులు రికార్డులు చూపించి తీరాలి. అయితే ఆ వివరాలను ఇష్టం వచ్చినట్లు బయటపెట్టకుండా విచారించే శాఖకూ హద్దు గీశారు. మన దగ్గరా అధికారికి అంత స్పష్టమైన హద్దు ఉండాలని మేము కోరుతున్నాం. హెచ్‌ఐవీ రోగుల విషయంలో 2017 చట్టం ఇప్పటికే గట్టి కట్టుబాటు పెట్టింది. కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, రోగి రాతపూర్వక సమ్మతి లేనిదే ఆ సంగతి బయటపెట్టరాదు.

మన పల్లెల్లో ఒక్క పేరు పొక్కితే చాలు, పెళ్లి సంబంధం తప్పిపోతుంది. ఆ భయంతో క్షయ రోగి మందులకు వెళ్లడం మానేస్తే నష్టం అతని ఒక్కడితో ఆగదు.

ప్రియులారా, ప్రభుత్వాన్ని అడిగే మనం సంఘంలోనూ జాగ్రత్తపడాలి. ప్రార్థన మనవుల పేరిట ఒకరి జబ్బును వారి అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ప్రేమ కాదు. పేరు చెప్పకపోయినా దేవునికి తెలుసు.