స్కాన్ చెప్పని సంగతి రక్తపరీక్ష చెబుతుంది

సిఫిలిస్ పాతకాలపు జబ్బు అనుకుంటాం. సవాయి అని పెద్దలు పిలిచిన ఈ సుఖవ్యాధి మళ్లీ పెరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 15-49 ఏళ్ల వారిలో 80 లక్షల మందికి కొత్తగా సోకింది. 2030 నాటికి ఏటా 7.1 లక్షలకు తగ్గించాలన్న లక్ష్యం దూరమవుతోంది. ఇప్పుడు చికిత్స అందనివారిలో కొందరు ఎన్నో ఏళ్ల తర్వాత గుండె జబ్బుతో ఆసుపత్రికి రావచ్చు.

చికిత్స చేయని సిఫిలిస్ సాధారణంగా 10-30 ఏళ్ల తర్వాత, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమనిని దెబ్బతీస్తుంది. దాని గోడకు రక్తం అందించే సన్నటి నాళాలు వాచి మూసుకుపోతాయి. గోడ బలహీనపడి బెలూన్‌లా ఉబ్బుతుంది. కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి లీకవుతుంది. గుండెకు రక్తం తెచ్చే ధమనుల మొదళ్లు ఇరుకైతే ఛాతీనొప్పి వస్తుంది.

ఏ పరీక్షతో ఏం తెలుస్తుంది?

ఛాతీ ఎక్స్‌రేలో బృహద్ధమని వెడల్పుగా, అంచున సన్నటి సున్నపు గీతతో కనిపించొచ్చు. కవాటం లీకు ఎంతుందో టూడీ ఎకో చూపిస్తుంది. ఉబ్బు సైజును, అది ఎక్కడిదాకా ఉందో సీటీ యాంజియోగ్రామ్ కచ్చితంగా చెబుతుంది.

అయితే స్కాన్ ఎంత దెబ్బతిందో చెబుతుంది గానీ, ఎందుకో తేల్చి చెప్పలేదు. అధిక రక్తపోటు, పుట్టుకతో వచ్చే లోపాల వల్లా ఇలాగే ఉబ్బుతుంది. అందుకే కారణం తేలనప్పుడు రక్తపరీక్ష కావాలి. ముదిరిన దశలో వీడీఆర్ఎల్ పరీక్షలో ఏమీ లేదని రావచ్చు. అలాంటప్పుడు టీపీహెచ్ఏ కూడా చేయించాలి.

ఆలస్యమైతే?

తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క డోసు చాలు. గుండె దాకా వస్తే వారానికొకటి చొప్పున మూడు డోసులు ఇస్తాం. మందు క్రిమిని చంపుతుంది గానీ, సాగిన గోడను మళ్లీ బిగించలేదు. ఉబ్బు 5.5 సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా ఆపరేషన్ తప్పదు.

డాక్టర్ ఈ పరీక్ష రాస్తే అవమానంగా భావించకండి. ఇన్ఫెక్షన్ పెళ్లికి ముందెప్పటిదో కావచ్చు. ఇంట్లో నిందలకన్నా, జీవిత భాగస్వామికీ పరీక్ష చేయించడం ముఖ్యం. ఇటీవలే సోకినవారికి గుండె లక్షణాలు లేకపోతే స్కాన్లు అక్కర్లేదు, చికిత్స చాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ సేవలు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.