ఫిజీ నీళ్లు ఎవరివి?

పిల్లలూ, దుకాణంలో నలుచదరంగా, మందార పువ్వు బొమ్మతో ఉండే నీళ్ల సీసా మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పేరు ఫిజీ వాటర్. ఆ నీళ్లు నిజంగానే ఫిజీ దేశం నుంచి వస్తాయి. ఫిజీ అంటే పసిఫిక్ మహాసముద్రంలో 300కు పైగా దీవులున్న చిన్న దేశం.

అక్కడ విటి లెవు అనే పెద్ద దీవి ఉంది. దాని మీద పడిన వాన అగ్నిపర్వతపు రాళ్లలోంచి మెల్లగా ఇంకి, భూమి లోపల చేరుతుంది. కంపెనీ బోరు వేసి ఆ నీళ్లను పైకి తెచ్చి, అక్కడే సీసాల్లో నింపుతుంది. 1996లో మొదలైన ఈ కంపెనీని 2004లో అమెరికా వాళ్లు కొన్నారు.

నీళ్లు అమ్మడమే తప్పు అని నేను అనను. సీసాకీ, మనుషుల పనికీ, ఓడ ప్రయాణానికీ ఖర్చవుతుంది కదా! కానీ ఒక నేల కింది నీళ్లు ముందుగా ఆ నేల మీది వాళ్ల దాహం తీర్చాలి. ఆ తర్వాతే సీసాలోకి వెళ్లాలి. ఈ సీసాలు దేశదేశాలకూ వెళ్తున్న రోజుల్లోనే ఫిజీలో చాలామందికి మంచి తాగునీరు సరిగా అందేది కాదు.

2010లో ఫిజీ ప్రభుత్వం ఈ నీళ్ల మీద పన్ను పెంచింది. అప్పటిదాకా లీటరుకు ఒక సెంటులో మూడో వంతు ఉండేది. దాన్ని 15 సెంట్లు చేసింది. కంపెనీకి కోపం వచ్చి ప్లాంటు మూసేసింది. ఒకటి రెండు రోజులకే మళ్లీ తెరిచి, పన్ను కడతామంది. ప్రభుత్వం చేసింది సబబే అని నా అభిప్రాయం.

"ఆ కంపెనీ ఉద్యోగాలు ఇచ్చింది, పల్లెల్లో నీటి పనులకు డబ్బు కూడా ఇస్తోంది" అని కొందరంటారు. నిజమే, అది మంచి పనే. కానీ ఇష్టమైతే ఇచ్చేది దానం. అడిగి తీసుకోగలిగేది హక్కు. తాగునీరు హక్కుగానే ఉండాలి.

ఫిజీ సంగతి మనకెందుకు అంటారా? 1903 నుంచి మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లు కూడా అక్కడి చెరకు తోటల్లో కూలి పనికి వెళ్లారు. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్లూ మీలాగే వేరే దేశంలో పుట్టిన పిల్లలే.

మన ఊళ్లలో ఎండాకాలం రోడ్డు పక్కన పందిరి వేసి, కుండల్లో చల్లటి నీళ్లు పెడతారు. దాన్ని చలివేంద్రం అంటాం. నువ్వెవరని అడగరు, డబ్బులు తీసుకోరు. అదే ఊళ్లలో ఇప్పుడు ఇంటింటికీ 20 లీటర్ల నీళ్ల క్యాన్లు వస్తున్నాయి. మేమూ కొనేవాళ్లం. అంటే ఇది ఫిజీ కథ ఒక్కటే కాదు.

మరి మీరేం చేయొచ్చు? మీ ఊళ్లో కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో అమ్మానాన్నల్ని అడగండి. తాగొచ్చంటే ఇంట్లోనే సీసా నింపుకుని బడికి వెళ్లండి. కొనక తప్పకపోతే కొనండి, కానీ లేబుల్ చదవండి. ఈ నీళ్లు ఏ ఊరివి? ఆ ఊరి పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారు?

కొత్త మాటలు
ఇంకడం: నీరు నేలలోకి దిగిపోవడం
సబబు: న్యాయం, సరైనది
చలివేంద్రం: దారిన పోయేవాళ్లకు ఊరికే మంచినీళ్లు ఇచ్చే చోటు

మీ మాట
నీళ్లను అమ్మవచ్చా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి. నాతో ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, కారణం మాత్రం చెప్పాలి.