వేగముగల కారును పోషించుట

మన పాఠశాలలోని పై తరగతుల బాలురు కొందఱు తమ నోటుపుస్తకముల అట్టలపై అతివేగముగల కార్ల చిత్రములను అంటించుకొనుచున్నారు. అశ్వశక్తి యెంత, గంటకెన్ని కిలోమీటర్లు, ధర యెన్ని కోట్లు అను సంగతులు వారికి కంఠస్థములు. బీజగణిత సూత్రములును అట్లే కంఠస్థములైనచో ఉపాధ్యాయులు మిక్కిలి సంతోషింతురు! వారి తండ్రులును ఇట్టి కారును చూచిన తోడనే "లీటరుకు ఎన్ని కిలోమీటర్లిచ్చును?" అని యడుగుదురు. ఆ ప్రశ్న తప్పు కాదు. కాని అతివేగపు కారు విషయమున పెట్రోలు పెద్ద ఖర్చు కానే కాదని నా యభిప్రాయము.

బుగాటి వేరాన్ అను కారును చూడుడు. ఇది 2005వ సంవత్సరమున వెలువడినది. శక్తి 1,001 అశ్వములు. వేగము గంటకు 400 కిలోమీటర్లకు పైబడినది. దాని యంత్రమును, తక్కిన భాగములను చల్లార్చుటకే పది రేడియేటర్లు కావలసి వచ్చెను. పూర్తి వేగముతో నడపినచో నూఱు లీటర్ల తొట్టి సుమారు 12 నిమిషములలో వట్టిపోవును. ఆ మాట విని యందఱును ముక్కుపై వ్రేలు వేసికొందురు. అయితే ఆ నూఱు లీటర్ల వెల మన రూపాయలలో పదివేలకు కొంచెము మించును, అంతియే. దాని నాలుగు టైర్ల వెల 40 వేల డాలర్లు దాటునని పత్రికలు వ్రాసినవి. ఏది పెద్ద ఖర్చో బాలురే చెప్పగలరు.

ఇట్లేల యగునో భౌతికశాస్త్రము చదువువారు సులభముగ గ్రహింతురు. వేగము రెట్టింపైనచో గాలి యొడ్డు నడ్డగింపును జయించుటకు వలయు శక్తి యెనిమిది రెట్లగును. 1,600 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచున్నప్పుడు దానియందలి గతిజశక్తి సుమారు 617 కిలోజౌళ్లు. 200 వేగమున దాదాపు 2,470. ఆపవలసి వచ్చినప్పుడు ఆ శక్తి యంతయు బ్రేకు పళ్లెములలో వేడిమిగా మాఱవలయును. కావున పళ్లెములు పెద్దవి. కొన్నిటికి ఇనుమునకు బదులు కార్బను సిరామిక్ వాడుదురు. నేలను గట్టిగ పట్టుకొనుటకు టైర్ల రబ్బరు మెత్తనిది. మెత్తనిది గనుక త్వరగ అరుగును. పోర్షె 911 వంటి కార్లలో ముందు చక్రముల కొలత వేఱు, వెనుక చక్రముల కొలత వేఱు. అందుచేత మన యిండ్లలోని కార్లకువలె ముందువి వెనుకకు మార్చి అరుగుదలను సమము చేయు వీలు లేదు. కార్బను పీచుతో చేసిన భాగము పగిలినచో సొట్టలు తీయు మేస్త్రి సుత్తెకు అందు పని కాదు. పెక్కుసారులు ఆ భాగమునే మార్చవలసి వచ్చును.

ఈ సామగ్రి యంతయు గంటకు 300 కిలోమీటర్ల వేగమునకై సిద్ధపఱుపబడినది. మన హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిపై కార్ల వేగపరిమితిని 2023లో 120కి పెంచిరి. అనగా యజమాని యెన్నడును వాడుకొనరాని 180 కిలోమీటర్లకు గూడ టైరు మార్చినప్పుడెల్ల, పళ్లెము మార్చినప్పుడెల్ల వెల చెల్లించుచునే యుండును.

ఇక నిలిచియున్న కారు సంగతి. కోటి రూపాయల కారొకటి కొంటిమనుకొందము. 2022లో తెలంగాణలో సవరించిన పట్టిక ప్రకారము ఇరువది లక్షలకు మించిన కారుకు జీవితకాలపు పన్ను నూటికి 18గా నుండెను. అనగా 18 లక్షలు. కారు తిరిగి అమ్మినప్పుడు ఆ పన్ను వేఱుగా చేతికి రాదు. బీమా సంస్థలు వాడు తరుగుదల పట్టికలో అయిదేండ్లు నిండుసరికి కారు విలువ సగమగును. కోటిలో ఏబది లక్షలు అయిదేండ్లలో పోయినచో సాలుకు పది లక్షలు. దినమునకు సుమారు 2,740 రూపాయలు. కారు షెడ్డులో గుడ్డ కప్పుకొని యున్నను ఈ లెక్క మాఱదు. 2025-26 సంవత్సరమున మన రెండు రాష్ట్రములలో ఉపాధి హామీ పనికి దినకూలి 307 రూపాయలు. తొమ్మండుగురు కూలీల దినభత్యము దాదాపు అంతే యగును. ఆ కోటిని బ్యాంకులో నూటికి ఆఱు వడ్డీకి వేసినచో వచ్చు ఆఱు లక్షలను నేను ఇందు కలుపలేదు. అప్పు చేసి కొన్నవారు తమ వడ్డీని తామే కలుపుకొందురు గాక.

పెట్రోలు మాట మఱచితిమా? ఏటికి పదివేల కిలోమీటర్లు, లీటరుకు ఆఱు చొప్పున, లీటరు 107 రూపాయలైనచో సుమారు 1,78,000 రూపాయలు. తరుగుదలలో అయిదవ వంతు గూడ కాదు.

మా పూర్వ విద్యార్థి యొకడు పట్టణము చేరువనున్న పొలము అమ్మగా వచ్చిన సొమ్ముతో ఇట్టి కారు కొని, క్రిస్మసు కార్యక్రమమునకు వచ్చెను. మన గేటువద్ద గట్టు ఎత్తుగనున్నందున కారు అడుగు తగులునని భయపడి, దూరముగ రోడ్డుమీదనే నిలిపి, నడచి లోనికి వచ్చెను. "సార్, కొనుటకు సొమ్ము చాలినది. కాని యేటేట వచ్చు బిల్లులకు పొలమున్నంతకాలమే వచ్చుబడి యుండెను" అని చెప్పెను. అతడు బుద్ధిహీనుడు కాడు. లెక్కలలో మంచి మార్కులే వచ్చెడివి. కొనునాడు ఈ లెక్క వేసి చూపువారు లేకపోయిరి, అమ్మువారికి అది పని కాదు.

ఇట్టి యంత్రములను నేను నిందించుట లేదు. 1953లో ఫ్రాన్సు దేశమున లెమాన్ పందెమునందు డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలిచినది. అట్టి బ్రేకులు నేడు చిన్న కార్లకును ఉన్నవి. ఫెరారీ సంస్థ పెక్కు దేశములలో తన క్రొత్త కార్లకు ఏడేండ్ల నియమిత సర్వీసును ధరలోనే చేర్చుచున్నది. అది మెచ్చదగినదే, కాని అరిగిన టైర్లు అందులో చేరవు.

అన్నిటికంటె నాకు భయము కలిగించునది వాడిన కారు బేరము. అయిదేండ్ల తరువాత కోటి కారు ఏబది లక్షలకు, ఇంకను పాతదైనచో ముప్పదికే దొరకును. క్రొత్తగ ఉద్యోగమందిన యువకుడు దానిని చూచి మురిసి వాయిదాలపై కొనును. కారు ధర తగ్గినది గాని దాని టైరు ధర తగ్గలేదు. బ్రేకు పళ్లెము ధర తగ్గలేదు. పైగా హామీ కాలమును తీఱిపోయినది. చేత సొమ్ము చాలక అరిగిన టైర్లతోనే వానకాలము గడుపుదమని యతడు తలచినచో, ఆ దారిన నడచుచున్న మన పిల్లల గతి యేమి?

కావున కుమారుడు ఇట్టి కారు కోరినచో తండ్రులు బయానా ఇయ్యకముందే సర్వీసు కేంద్రమునకు పోయి నాలుగు టైర్ల వెల, నాలుగు బ్రేకు పళ్లెముల వెల, రాబోవు ఏటి బీమా మొత్తము కాగితముపై వ్రాయించుకొని, ఆ కాగితమును కుమారుని చేతికిచ్చి, అతని జీతములో నెన్ని నెలలగునో అతనిచేతనే భాగహారము చేయింపవలయును.