పది గంటలకు లైట్లార్పండి: తిరుపతి హాస్టళ్ళలో పిల్లకాయల నిద్ర కోసం విజ్ఞప్తి



పదో తరగతి ఫలితాలు రాగానే మదనపల్లె, పలమనేరు, పుంగనూరు, పీలేరు, శ్రీకాళహస్తి, సత్యవేడు దిక్కుల నుంచి పిల్లకాయలు పెట్టె, బకెట్టు, పరుపుచుట్ట తీసుకుని తిరుపతిలో బస్సు దిగుతారు. ఇంటర్‌తో పాటు నీట్ అనో, జేఈఈ అనో, ఈఏపీసెట్ అనో ఏదో ఒక కోచింగ్ ఉంటుంది. చాలా హాస్టళ్ళలో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్ నడుస్తుంది. తెల్లవారి అయిదుకు, కొన్నిచోట్ల ఇంకా ముందే, బెల్లు మోగుతుంది. మధ్యలో మిగిలేది అయిదు, ఆరు గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతున్నారు. అంటే మన బిడ్డలు ప్రతి రాత్రీ కనీసం రెండు మూడు గంటల నిద్ర పోగొట్టుకుంటున్నారు. ఒక రోజో, పరీక్షల ముందు వారమో అయితే సర్దుకుపోవచ్చు. ఇది రెండేళ్ళపాటు సాగుతోంది.

మేము కోరేది ఇది. స్టడీ అవర్ తొమ్మిదిన్నరకు ముగియాలి. పది గంటలకు గదుల్లోనూ వరండాల్లోనూ లైట్లు ఆరాలి. ఉదయం ఆరున్నర లోపు ఏ హాస్టల్లోనూ బెల్లు కొట్టకూడదు. ఎందుకో చెబుతాం, ఓపికగా చదవండి.

మన మెదడు నడిమధ్యన బియ్యపుగింజంత గ్రంథి ఒకటి ఉంది. దాని పేరు పీనియల్. పొద్దుగూకి వెలుతురు తగ్గాక అది మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. రోజూ పడుకునే వేళకు సుమారు రెండు గంటల ముందే దీని మోతాదు పెరగడం మొదలవుతుంది. నడిరేయి దాటాక, రెండు నాలుగు గంటల మధ్య, బాగా ఎక్కువగా ఉంటుంది. తెల్లవారేసరికి దాదాపు లేకుండా పోతుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు దీన్ని ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి మొదటిసారి వేరుచేశారు. చర్మం రంగును మార్చే పదార్థం కోసం వెతుకుతున్న ఆయనకు రాత్రిని గుర్తుపట్టే పదార్థం దొరికింది.

మెలటోనిన్ నిద్రమాత్ర లాగా మనిషిని పడేసేది కాదు. ‘రాత్రయింది’ అని ఒంట్లో ప్రతి భాగానికీ కబురు అందిస్తుంది. ఆ కబురు అందాక ఒంటి వేడి కాస్త తగ్గుతుంది, కళ్ళు బరువెక్కుతాయి, ఇన్సులిన్ ఊరడం నెమ్మదిస్తుంది. ఈ కబురు ఆలస్యమైతే మొత్తం ఒళ్ళు వేళ తప్పుతుంది. కణాల లోపలి ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఇది ఎంత పెద్ద విషయమో దాన్నిబట్టి ఊహించుకోండి.

ఇక వెలుతురు సంగతి. కంటిమీద గట్టి వెలుతురు పడితే మెలటోనిన్ ఆగిపోతుందని మనుషుల్లో మొదట చూపించింది ఆల్ఫ్రెడ్ లూయీ బృందం, 1980లో. కంటి లోపలి రెటీనాలో బొమ్మల్ని చూడడంతో పెద్దగా పని లేని కణాలు కొన్ని ఉన్నాయి. బయట పగలా రాత్రా అని మెదడుకు చెప్పడమే వాటి ముఖ్యమైన పని. అవి నీలి వెలుగుకు తొందరగా స్పందిస్తాయి. తెల్లటి ఎల్ఈడీ ట్యూబుల్లో ఆ నీలి పాలు ఎక్కువ. నూనె దీపంలోనూ పాత పసుపు బల్బులోనూ అది తక్కువ. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు; పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు. చదువుకునే గదిలో ట్యూబులైటు కింద వంద, రెండు వందల లక్సుల దాకా ఉంటుంది. 2011లో హార్వర్డ్ వైద్య పరిశోధకులు 116 మంది యువతీయువకుల్ని పడుకోబోయే ముందు గంటల్లో ఒకసారి మామూలు గది వెలుతురులో, ఒకసారి మసక వెలుతురులో ఉంచి రక్తం పరీక్షించారు. 200 లక్సుల లోపు వెలుతురుకే దాదాపు అందరిలోనూ మెలటోనిన్ ఆలస్యంగా మొదలైంది. ఒంట్లో అది ఉండే సమయం గంటన్నర తగ్గింది. అంటే పదకొండు దాకా ట్యూబులైటు కింద కూర్చోబెట్టిన పిల్లవాడు పక్క మీదికి చేరేసరికి వాడి మెదడుకు ఇంకా సాయంత్రమే. వాడు దొర్లుతాడు. కునుకు పట్టేసరికి పన్నెండున్నర. అయిదుకు బెల్లు.

వయసు వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది, దీన్ని పెద్దవాళ్ళు సోమరితనం అనుకుంటారు. పిల్లలు ఈడుకు వచ్చే వయసులో మెలటోనిన్ చిన్నప్పటికంటే గంట, రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. పదిహేనేళ్ళ బిడ్డ రాత్రి తొందరగా పడుకోలేకపోవడం, పొద్దున లేవలేకపోవడం ఒంటి ధర్మం. అయిదింటికి బెల్లు కొట్టినప్పుడు ఆ బిడ్డ రక్తంలో మెలటోనిన్ ఇంకా నిండుగా ఉంటుంది. వాణ్ని లేపి, మొహం కడిగించి, చన్నీళ్ళు పోయించి ఫిజిక్సు పుస్తకం ముందు కూర్చోబెడుతున్నాం. వాడు కునికిపాట్లు పడుతుంటే నిలబెడుతున్నాం. ఈ కారణంతోనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో ఉన్నత పాఠశాలలు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదని చెప్పింది. కాలిఫోర్నియా రాష్ట్రం దాన్నే చట్టం చేసి 2022 జులై నుంచి అమలులో పెట్టింది.

‘పదింటికి లైట్లార్పితే మాత్రం ఈ వయసులో నిద్ర వస్తుందా’ అని వార్డెన్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మొదటి వారం రాకపోవచ్చు. అందుకే ఒక్క లైట్లార్పడం సరిపోదు, పొద్దున వెలుతురు కూడా కావాలి. ఉదయపు ఎండ ఒంటి గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుతురు వెనక్కి లాగుతుంది. ఆరుబయట నీడపట్టున నిలబడ్డా వేల లక్సులు కళ్ళకు అందుతాయి. మన హాస్టళ్ళలో చాలామంది పిల్లలు కిటికీలు మూసిన హాలులోనే లేచి, అక్కడే టిఫిను తిని, అక్కడి నుంచే క్లాసుకు పోతారు. వాళ్ళు ఎండ మొహం చూసేది ఆదివారమే. ఏడు గంటలకు అరగంటసేపు వాళ్ళని మిద్దె మీదికో, ఆటస్థలానికో వదలండి. వ్యాయామమే చేయించనక్కర్లేదు, కబుర్లు చెప్పుకోనివ్వండి చాలు. కరెంటు దీపాలు లేకుండా వారం రోజులు ఆరుబయట గుడారాల్లో గడిపినవాళ్ళ మెలటోనిన్ సుమారు రెండు గంటలు ముందుకు జరిగిందని 2013లో కొలరాడో పరిశోధకులు గమనించారు. మన పిల్లల్ని శేషాచలం అడవికి పంపమనడం లేదు. పొద్దున సూర్యుడు, రాత్రి చీకటి ఇవ్వమంటున్నాం.

మార్కులు తగ్గుతాయన్న భయం తల్లిదండ్రుల్లోనే ఎక్కువ. ‘పక్క కాలేజీలో పన్నెండు దాకా చదివిస్తారట’ అని యాజమాన్యాన్ని నిలదీసేది మనమే. కానీ పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలో. గాఢనిద్రలోనూ, తెల్లవారుజామున ఎక్కువగా వచ్చే కలల నిద్రలోనూ మెదడు ఆ పని చేస్తుంది. అయిదింటి బెల్లు కోసేది సరిగ్గా ఆ చివరి భాగాన్నే. చివరి రెండు గంటల చదువు కోసం అంతకుముందు పది గంటలు చదివింది పోగొట్టుకోవడం మంచి బేరమా? నష్టం మార్కులతోనూ ఆగదు. 2022లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరోగ్యవంతులైన 20 మంది యువకుల మీద పరీక్ష చేశారు. 100 లక్సుల వెలుతురులో ఒక్క రాత్రి నిద్రపోయినవాళ్ళ గుండె వేగం రాత్రంతా పెరిగి ఉంది, తెల్లారి ఇన్సులిన్ సరిగా పనిచేయలేదు. షుగరు మన ఇళ్ళలో ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. వరండా లైటు రాత్రంతా మొహం మీద పడే మంచాల్లో పడుకున్న పిల్లల గురించి ఆలోచించండి. నిద్ర చాలని పిల్లల్లో దిగులు, చిరాకు, ఆశ తెగిపోవడం ఎక్కువని కూడా వైద్యులు చెబుతూనే ఉన్నారు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో మన రాష్ట్రంలో చక్రపాణి కమిటీ వేశారు. ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి పదహారేళ్ళు గడిచాయి, బెల్లు మాత్రం మారలేదు.

ఇంకో ప్రమాదం గురించి హెచ్చరించాలి. ‘నిద్ర పట్టడం లేదు’ అంటే మెలటోనిన్ గమ్మీలు కొనిపెడుతున్న తల్లిదండ్రులు ఉన్నారు. తియ్యగా మిఠాయిలా ఉంటాయి, ఆన్‌లైనులో దొరుకుతాయి. అమెరికాలో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో సీసా మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదని 2023లో వైద్య పత్రిక జామాలో వచ్చింది. ఒకదానిలో మూడింతలకు పైగా ఉంది, ఒకదానిలో అసలు మెలటోనిన్నే లేదు. ఆటిజం ఉన్న పిల్లలకు, చూపు పూర్తిగా లేనివాళ్ళకు, దూరదేశాల ప్రయాణాలకు ఇది మేలు చేసే సందర్భాలు ఉన్నాయి. అది వైద్యులు చూసి రాయాల్సిన మందు. ట్యూబులైటు వేసి ఒంట్లో ఊరే మెలటోనిన్‌ను ఆపి, దాన్నే మళ్ళీ అంగట్లో కొని మింగించడం బిడ్డకూ అన్యాయం, జేబుకూ అన్యాయం.

చట్టం మన వైపే ఉంది. రాంలీలా మైదాన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, నిద్ర జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోచింగ్ కేంద్రాల కోసం కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు అయిదు గంటలకు మించి కోచింగ్ ఉండరాదని, మరీ పెందలాడే గానీ మరీ పొద్దుపోయాక గానీ క్లాసులు పెట్టరాదని ఉంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద ఇంత ఉన్నా హాస్టల్లో ఎన్నింటికి లైటు ఆర్పాలో, ఎన్నింటికి బెల్లు కొట్టాలో నిక్కచ్చిగా రాసిన నియమం కావాలి. ఇంటర్మీడియట్ బోర్డు అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడే ఆ షరతు పెట్టాలి. సంక్షేమ హాస్టళ్ళకూ అదే వర్తించాలి.

హాస్టల్ గోడ బయట కూడా చీకటి కావాలి. మన పెద్దవాళ్ళు వేసవిలో మిద్దె మీద చాప వేసుకుని పడుకునేవారు. ఇప్పుడు మిద్దె ఎత్తుకే తెల్లటి వీధిదీపం వెలుగుతుంటుంది. శబ్దానికి మనకు 2000 నుంచీ నియమం ఉంది, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు పెట్టకూడదు. వెలుతురుకు అలాంటిది ఏదీ లేదు. ఫ్రాన్సులో దుకాణాల అద్దాల లైట్లు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకల్లా ఆర్పాలి. తిరుపతి నగరపాలక సంస్థ నివాస వీధుల్లో 3000 కెల్విన్ మించని పసుపు వన్నె దీపాలు పెట్టాలి. వెలుగు రోడ్డు మీదే పడేలా వాటికి పైకప్పు ఉండాలి. డిజిటల్ హోర్డింగులు పదకొండుకు ఆరిపోవాలి. ఆడపిల్లల భద్రతకు వెలుతురు కావాలి కదా అంటే, కావాలి. కళ్ళలోకి కొట్టే దీపం కంటే రోడ్డును చూపే దీపమే భద్రత. బస్టాండు, రైల్వేస్టేషన్, అలిపిరి రాత్రంతా వెలగాల్సిందే. యాత్రికులు అన్ని వేళలా వస్తారు.

‘ఇది నిద్రపోని ఊరు’ అని గొప్పగా చెప్పుకునేవారికి ఒక్క మాట. కొండమీద స్వామికి కూడా రోజూ ఏకాంత సేవ ఉంది. భోగ శ్రీనివాసుణ్ణి పాన్పు మీద పడుకోబెడతారు, తాళ్ళపాక వంశీకులు జోల పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరు మీద హారతి ఇస్తారు, తలుపులు మూస్తారు. మన సీమలో పుట్టిన ఆ తల్లి పేరు మీద స్వామిని నిద్రపుచ్చుతున్న ఊళ్ళో, పదహారేళ్ళ పిల్లల్ని నిద్ర లేకుండా ఉంచుతున్నాం.

రాత్రి పనివాళ్ళ సంగతి ఇంకో కరపత్రమే అవుతుంది. నర్సులు, బస్సు డ్రైవర్లు, శ్రీసిటీలో షిఫ్టు మారే అమ్మాయిలు, వీళ్ళందరూ పగలు పడుకోవాల్సినవాళ్ళు. రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సరుకు కారణమయ్యే వాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లోనే చేర్చింది, 2019లో మళ్ళీ అదే చెప్పింది. వాళ్ళ ఇళ్ళలో పగటిపూట మందపాటి తెరలు వేసి గది చీకటి చేయండి, పిల్లల్ని అల్లరి చేయనివ్వకండి.

తల్లిదండ్రులారా, ఈసారి బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు ఫీజు రసీదు, మార్కుల పట్టిక అడగండి, దాంతోపాటు మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి లైటు ఎన్నింటికి ఆర్పుతారు? పొద్దున బెల్లు ఎన్నింటికి? మంచం మీద వరండా లైటు పడుతుందా? జవాబు రాసుకోండి. మీ బిడ్డ ఒక్కడి కోసం అడిగితే వార్డెన్ నవ్వి ఊరుకుంటాడు. ఇరవై మంది తల్లిదండ్రులు ఒకేసారి అడిగితే ప్రిన్సిపాల్ కుర్చీ వేయిస్తాడు. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ తీసుకుని రండి. తొమ్మిదిన్నరకు స్టడీ అవర్ ముగింపు, పదికి లైట్లార్పడం, ఆరున్నరకు బెల్లు, ఈ మూడు వేళలూ అర్జీలో రాయండి. విడిగా అర్జీ రాసే వీలు లేకపోతే ఈ కరపత్రాన్నే మడిచి, వెనక మీ పేరు, మీ ఊరు, మీ బిడ్డ చదివే కాలేజీ పేరు రాసి ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.