వస్త్రము తిరిగివచ్చెను, భాషయో?

2024 అక్టోబరులో వ్యాపారకార్యమై గ్లాస్గో వెళ్ళిన మేము, ఒక దినము తీరిక చేసికొని, మూడు గంటల రైలు ప్రయాణముపై పడమటి సముద్రతీరమందలి ఓబన్ పట్టణమునకు పోయి, అచట జరుగుచుండిన ‘మోడ్’ ఉత్సవమును చూచితిమి. స్కాట్లండు దేశపు గేలిక్ భాషకై ఆకురాలు కాలమున జరుగు ఉత్సవమిది. 1891లో ఓబనులో గేలిక్ సంఘమొకటి స్థాపితము కాగా, మరుసటి యేడు అచటనే తొలి ఉత్సవము జరిగెను. ఇప్పుడు ఏటికొక ఊరు మారుచుండును.

మేము పోయినది పిల్లల పోటీల దినము. చలిగాలి, చిరుజల్లు. హాలు వాకిట తల్లులు బిడ్డల జుట్టు సవరించుచు, పాట చరణములను మరల మరల పలికించుచుండిరి. ఇది గ్రహించుటకు గేలిక్ రానక్కరలేదు. లోపల పాటలు, పద్యపఠనము, కథలు చెప్పుట, సంభాషణ. ఇంట భాష వచ్చిన పిల్లలకును, క్రొత్తగ నేర్చుకొనువారికిని పోటీలు వేరు. పాటకు సంగీత పరీక్షకులు, భాషా పరీక్షకులు వేర్వేరుగ మార్కులు వేయుదురు. కంఠమెంత మధురమైనను ఉచ్చారణ చెడినచో బహుమతి దక్కుట కష్టమే.

బట్టల వర్తకులము గనుక బజారులోని గళ్ళ ఉన్నివస్త్రములపైనను మా కన్ను పడినది. ఆ ఉడుపునకు పెద్ద కథ కలదు. 1745 తిరుగుబాటు నణచిన పిదప, 1746లో లండను ప్రభుత్వము స్కాట్లండులో పురుషులు దానిని ధరింపరాదని చట్టము చేసెను. 1782లో చట్టము రద్దయ్యెను. 1822లో నాలుగవ జార్జి రాజే ఆ ఉడుపుతో ఎడింబరోలో దర్శనమిచ్చెను! నేడు సొమ్మిచ్చిన వారెవరైనను కొని తొడుగుకొనవచ్చును.

భాష సంగతి అట్లు కాలేదు. 1872 నాటి విద్యాచట్టమున గేలిక్ ప్రసక్తియే లేదు. నిషేధింప నక్కరలేకపోయెను; బడిలో చోటు లేకుండుటయే చాలినది. 1891 జనాభా లెక్కలలో రెండున్నర లక్షలు దాటియున్న గేలిక్ వారు 2011 నాటికి సుమారు 57 వేలకు దిగిరి. 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరములలో గేలిక్ మాధ్యమపు తరగతులు ఆరంభమైనవి. 2022లో భాష వచ్చినవారు 69 వేలు దాటిరి. అయినను భాషకు పట్టుగొమ్మయైన పశ్చిమ ద్వీపములలో వారి పాలు ఇంకను తగ్గుచునే యున్నది. కనుక ఉత్సవమొక్కటియే భాషను నిలుపునని మేమనము.

ఇక మన ఉగాది. పట్టుపంచెలు, పచ్చడి, బొబ్బట్లు, వేటికిని లోటులేదు. వేదికపై ప్రకటనలు మాత్రము ఇంగ్లీషున. తెలుగు పాటను తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో వ్రాసికొని పాడు బిడ్డలను మేమెరుగుదుము. వారి తప్పేమి? చదువ నేర్పిన వారెవరు? అట్టివారు ఇంట ధారాళముగ తెలుగాడు పిల్లలతో సరిపోల్చబడి, సిగ్గుపడి, మరుసటి యేడు వేదిక నెక్కుటయే మానుచున్నారు.

రాబోవు ఉగాదికి పోటీలను రెండు తరగతులుగ విభజించి, ఉచ్చారణకు వేరుగ మార్కులుంచవలెనని మా మనవి. అతిథుల శాలువలకు, దండలకు వెచ్చించు సొమ్ములో సగము దీనికి చాలును. సినిమా గాయకులు లేనిదే జనము రారని కొందరు పెద్దలందురు. ఓబనులో ఒక్కొక్క బిడ్డ వెంట తల్లి, తండ్రి, అవ్వ వచ్చియుండిరి. మాకు కుర్చీ దొరకుటయే కష్టమయ్యెను. బహుమతుల వ్యయమును వర్తకులము భరింతుము. కార్యవర్గము వారు రాబోవు సమావేశమున దీనిని చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము.