అడుగని రక్షణము

పిలువని పేరంటమునకు బోయి, పరుల కొట్టుగది తాళపుచెవులు తన మొలను జెక్కుకొని, "మీ మేలుకొఱకే యిచట నుంటి"నని పలుకువానిని రక్షకుడందుమా? ఇండ్లలో నొప్పని యీ న్యాయము రాజ్యముల నడుమ నెట్లొప్పునో మాకు బోధపడదు. వియత్నాము దేశమున నూఱేండ్లకు బైగా జరిగినది మాత్ర మిదియే.

1858లో ఫ్రెంచి నౌకలు దనాంగు రేవుపై బడెను. క్రైస్తవ బోధకులను రక్షింప వచ్చితిమనిరి. పిదప నాగరికత నేర్పుదుమనిరి. ఆ నాగరికత యెట్టిది? ఉప్పు, సారా, నల్లమందు, ఈ మూడింటి వర్తకమును ప్రభుత్వమే గుత్తగొనెను. రైతు తన యింట బియ్యపుసారా కాచిన నేరము. సర్కారు సారా కొనుట విధి. మద్యపానమును మాన్పింప బాటుపడిన సంస్కర్త యెవ్వడైన దీనిని నాగరికత యనునా?

రెండవ ప్రపంచయుద్ధమున జపాను సేనలును వచ్చి పైబడెను. ఇరువురు ప్రభువుల బరువు మోసిన యుత్తరభాగమున 1944-45 కరవునందు లక్షలకొలది జనులు మడిసిరి. 1945 సెప్టెంబరు 2న హానోయి నగరమున హోచిమిన్ స్వాతంత్ర్యమును జాటెను. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్యప్రకటనములోని మాటలతోనే యతడు తన ప్రకటనము నారంభించెను. ఆ మాటలు తమవే యైనవారు వానిని చెవినిడలేదు.

ఈ కథలో మన దేశమునకు దలవంపులు దెచ్చు ఘట్ట మొకటి గలదు. ఆ నెలలోనే బ్రిటిషు సేనాని గ్రేసీ నాయకత్వమున 20వ ఇండియన్ డివిజను సైగాను చేరెను. ఓడిన జపానువారి యాయుధములు గైకొనుట దాని పని. కాని సెప్టెంబరు 23న ఫ్రెంచివారు నగరమును మరల జేజిక్కించుకొనుటకు గ్రేసీ తోడ్పడెను. జపాను సైనికులచేతనే వియత్నామీయుల నణచుపని చేయించిరి. తమ దేశము తమది గాని సిపాయిలు, మఱియొకరి దేశమును వారిది గాకుండ జేయుటకు బంపబడిరి. నెహ్రూ దీనిని నిరసించెను. కాని సేనల కాజ్ఞ యిచ్చువారు వేఱు.

1950 నుండి అమెరికా ఫ్రెంచివారికి ధనమును, ఆయుధములను సమకూర్చెను. అయినను 1954 మే 7న దియన్ బియన్ ఫూ కోట పడిపోయెను. ఆ వేసవిని జరిగిన జెనీవా యొడంబడిక 17వ అక్షాంశము చెంత దేశమును దాత్కాలికముగ విభజించి, 1956 జూలైలో దేశమంతట నెన్నికలు జరుగవలెనని నిర్ణయించెను. ఆ యెన్నికలు జరుగలేదు. సైగాను ప్రభుత్వము వలదనెను. అమెరికా దానికి వత్తాసు పలికెను. ప్రజల నడుగుట కేర్పడిన యొక్క యదను నట్లు చేజాఱెను.

అడుగుట మానినపిదప మిగిలినది తుపాకియే. 1960 చివర వేయికి లోబడియున్న అమెరికా సైనిక సలహాదారులు 1963 చివరకు 16 వేలకు మించిరి. 1965 మార్చిలో అమెరికా పోరుసేనలు దిగినది, నాడు ఫ్రెంచివారు పైబడిన దనాంగుననే! 1969 నాటికి వారు 5 లక్షలు దాటిరి.

హానోయి ప్రభుత్వము నిర్దోషియా యని కొందఱు ప్రశ్నింతురు. కాదు. భూసంస్కరణ పేరిట నది వేలకొలది జనులను జంపించెను. 1956లో తన తప్పును దానే యొప్పుకొనెను. విభజనానంతరము లక్షలకొలది జనులు దక్షిణమునకు వలసపోయిరి. మేము దీనిని దాచము. కాని యింటివాని తప్పు పొరుగువానికి ఆ యింటిపై హక్కు గల్పించునా? ఆకాశమునుండి పడిన బాంబు ఏ పల్లెను సంస్కరించెను? సంస్కరణము లోపలివారి బుద్ధిలో బుట్టవలెను. దానిని నౌకలలో దింపుట సాధ్యము గాదు.

1975 ఏప్రిలు 30న యుద్ధము ముగిసెను. అప్పటికి 58 వేలమంది అమెరికా సైనికులును, లక్షలకొలది వియత్నామీయులును నేలగూలిరి. చదువరులారా, పరదేశమున సేనలు దింపి "రక్షణము" అనువారు నేడును గలరు. వారి కారణములు వినుటకు ముందు మన మడుగవలసిన ప్రశ్న యొక్కటే: రక్షింపబడువారి నడిగితిరా?