దాలి అమ్మది, పేరు మనదా?

మొన్న ఆదివారం మా ఇబ్రహీంపట్నంలో ఒక మిత్రుని ఇంటి డాబా మీద విందు. కొత్తగా కొన్న గ్రిల్లు, పొడవాటి పట్టకారు, మెడలో నల్లని ఏప్రాన్. పక్కటెముకలు కాలుస్తూ ఆయన ఒక మాట అన్నాడు: "వంట ఆడవాళ్ళదే కావచ్చు గాని, బార్బెక్యూ మాత్రం మగవాడి విద్యండీ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ప్రాయశ్చిత్తమే ఈ టపా.

ఇంతకీ ఆ విద్య ఎంతటిది? ఆ మేక పక్కటెముకలు డాబా ఎక్కేముందే కింద వంటింట్లో కుక్కరు ఆరు విజిళ్ళు వేసింది. ఎముకల వెనక పొర ఒలిచిందీ, అల్లం వెల్లుల్లి నూరి పట్టించిందీ ఆయన భార్య. పైన జరిగినదల్లా పది నిమిషాలు మంట చూపించి, సీసాలోని సాసు పూయడం. కుక్కరులో ఉడికించడం తప్పనను. ఉడికినదాన్ని కాల్చినదనడం, ఉడికించిన మనిషిని మరుగుపరచడం తప్పు.

నిజంగా కాల్చడానికి కావలసింది మంట కాదు, ఓపిక. ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్ సుమారు 70 డిగ్రీలు దాటాక గాని మెల్లగా కరిగి జిలాటిన్ కాదు. తొందరపడితే పైన మాడుతుంది, లోపల సాగుతుంది. అందుకే నిప్పులను ఒక పక్కకు నెట్టి, మాంసాన్ని రెండో పక్కన ఉంచి, మూతపెట్టి, లోపలి వేడిని 110, 120 డిగ్రీల నడుమ గంటల తరబడి నిలుపుతారు. పంది పక్కటెముకలకు అమెరికాలో ఐదారు గంటలు పెడతారు. తీపి సాసు చివర్లోనే పూస్తారు, లేకుంటే చక్కెర మాడి చేదెక్కుతుంది. బొగ్గును భగభగ మండించడం గొప్ప కాదు, ఆ పని మా ఊరి థర్మల్ కేంద్రం 1979 నుంచీ చేస్తూనే ఉంది. మండనీయకుండా, ఆరనీయకుండా కాపాడడమే విద్య.

ఆ విద్య మా అమ్మకు వచ్చు. దాలిగుంటలో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పాలకుండ పెట్టేది. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, వేలెడు మందాన మీగడ కట్టేవి. థర్మామీటరు లేదు, ఏప్రాన్ లేదు, చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవాళ్ళు అసలే లేరు. ఆమెకు మిగిలింది దగ్గు. వారానికి ఒక పూట మన కంట్లో పడితే పరిమళమైన పొగ, ముప్పై ఏళ్ళు ఆమె గొంతులో పడితే మాత్రం ఇంటిపని!

"విదేశీ తిండి మనకెందుకు?" అనే పెద్దలకూ ఒక మాట. కాల్చిన మాంసానికి అమరకోశంలోనే శూల్యం, భటిత్రం అన్న పేర్లున్నాయి. సాయంత్రం బెజవాడ వీధుల్లో చీకుల బండి ఉంది. టెక్సాస్ వాళ్ళు మురిసిపోయే మెస్కీట్ కట్టె మన సర్కారు తుమ్మకు దాయాదే. నిప్పుకు దేశం లేదు. మగా ఆడా భేదం అంతకన్నా లేదు.

కనుక నా ప్రతిజ్ఞ ఇది. వచ్చే ఆదివారం నేను కాలుస్తాను, కుక్కరు లేకుండా. పొర నేనే ఒలుస్తాను, బూడిద నేనే ఎత్తుతాను, జాలీ నేనే తోముతాను. తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణాలు తీస్తుంది గనుక ఆరుబయటే కాలుస్తాను. మొదటి ముక్క మిత్రుని భార్యకు. బాగాలేదని ఆవిడ అంటే వాదించను.

డాబా ఎక్కే మగమిత్రులారా, మీలో ఎందరు ఆ జాలీ తోమారు?